మన ముఖం చూడని పసివాడు

మానవునికి అల్లాహ్ ప్రసాదించిన వరాలను గుర్తుచేసేటప్పుడు దివ్యఖుర్ఆన్ వినికిడినీ, చూపునూ, హృదయాన్నీ అనేకసార్లు ఒకే వరుసలో పేర్కొంటుంది. వాటి పట్ల కృతజ్ఞత చూపేవారు తక్కువేనని హెచ్చరిస్తుంది. అదే దివ్యగ్రంథం మన భాషలలో, వర్ణాలలో కనిపించే వైవిధ్యాన్ని జ్ఞానులకు ఒక సూచనగా నిలుపుతుంది. భాషలు వేరైనట్టే, రంగులు వేరైనట్టే, చూసే తీరు కూడా వేరుగా ఉండే పిల్లలు మన ఇళ్ళలో ఉన్నారు. కళ్ళు చక్కగా కనిపిస్తాయి, కానీ మనుషుల ముఖాల మీద ఆ చూపు నిలవదు. ఈ నెల ఈ శీర్షికలో ఆ పిల్లల గురించి మాట్లాడుకుందాం.

ఇందుకు కారణం తాడేపల్లిగూడెం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం. ఆమె భర్త ఉల్లిపాయల మార్కెట్‌లో పనిచేస్తారు. వారి బాబుకు నాలుగేళ్ళు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఈద్ నాడు బంధువులు చుట్టూ చేరి ముద్దు చేసినా ఎవరి ముఖమూ చూడడు. కానీ జానమాజ్ మీద నేసిన కమాను అంచును వేలితో తడుముతూ ఎంతసేపైనా కూర్చుంటాడు. వైద్యులు పరీక్షించి ఆటిజం అని చెప్పారు. ఇంట్లోని కొందరు పెద్దలు బాబు గడ్డం పట్టుకుని “ఇధర్ దేఖ్ బేటా” అంటూ బలవంతంగా ముఖం తమ వైపు తిప్పుతున్నారు. శిక్షణ ఇస్తున్న టీచరమ్మ మనుషుల ముఖాలున్న బొమ్మల కార్డులు చూపించమన్నారు. ఇంట్లో అటువంటి బొమ్మలు ఉండరాదని దాదీ అభ్యంతరం చెబుతున్నారు. ఆ సోదరి మమ్మల్ని రెండు విషయాలు అడిగారు. బాబు చేత బలవంతంగానైనా ముఖం చూడడం అలవాటు చేయించాలా? బొమ్మల కార్డులు వాడడం ధర్మసమ్మతమేనా?

రెండూ ముఖ్యమైన ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పాలంటే, ముందుగా ఆ బాబు చూపులో జరుగుతున్నదేమిటో అర్థం చేసుకోవాలి.

మూడో చూపు

పసిబిడ్డ పుట్టిన కొద్ది రోజులకే ముఖాల వైపు ఆకర్షితమవుతుంది. పాలు తాగుతూ తల్లి కళ్ళలోకి చూస్తుంది. ఏడాది దాటేసరికి ఆ చూపుకు మరో శక్తి వస్తుంది. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళిన కుటుంబాలను గమనించండి. తల్లి వేలెత్తి గూడబాతును చూపిస్తుంది. బిడ్డ ఆ వేలు చూపిన దిక్కుకు చూస్తాడు. పక్షిని చూస్తాడు. ఆ వెంటనే వెనక్కు తిరిగి తల్లి ముఖం చూస్తాడు. “నువ్వూ చూశావా అమ్మీ?” అని మాటలు రాకముందే అడగడం అది. ఈ మూడో చూపుతోనే పిల్లలు లోకాన్ని మనతో పంచుకోవడం నేర్చుకుంటారు. వస్తువుల పేర్లు, భయపడవలసినవి, నవ్వవలసినవి, అన్నీ ఆ దారిలోనే వారికి చేరుతాయి.

ఆటిజం ఉన్న బిడ్డలో ఈ మూడో చూపు ఆలస్యమవుతుంది, లేదా అరుదుగా వస్తుంది. ఆ బిడ్డ పక్షిని చూడలేదని అనుకోకూడదు. పక్షి ముక్కు కింది సంచినీ, నీటి మీద దాని నీడనూ మనకంటే నిశితంగా చూసి ఉండవచ్చు. చూసినదాన్ని మరొకరి ముఖంతో ముడివేయడమే ఆ బిడ్డకు కష్టం.

పండితులు గమనించినవి

ఆటిజాన్ని మొదట విశదంగా వర్ణించినవారిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి చెందిన పిల్లల మనోవైద్యుడు లియో కానర్ ఒకరు. 1943లో ఆయన 11 మంది పిల్లల గురించి రాశారు. వారు వస్తువులతో చక్కగా మెలిగేవారు, మనుషులను మాత్రం పట్టించుకునేవారు కాదు. ఆయన గుర్తించిన మరో సంగతి మన ప్రశ్నకు చాలా దగ్గరది. మనుషులకంటే మనుషుల బొమ్మలతోనే ఆ పిల్లలకు మంచి సంబంధం ఉండేది. బొమ్మ అకస్మాత్తుగా కదలదు, పిలవదు, జవాబు అడగదు. అందువల్ల దాన్ని చూడడం వారికి భారం కాదు.

తరువాతి కాలంలో, కనుపాప ఏ క్షణాన ఎక్కడ నిలిచిందో నమోదు చేసే పరికరాలు వచ్చాయి. 2002లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆటిజం ఉన్న యువకులకూ, లేని యువకులకూ ఒక సినిమాలోని సన్నివేశాలు చూపించారు. ఆటిజం లేనివారి చూపు ఎక్కువగా పాత్రల కళ్ళ మీద నిలిచింది. ఆటిజం ఉన్నవారి చూపు నోటి మీదకూ, శరీరం మీదకూ, గదిలోని వస్తువుల మీదకూ వెళ్ళింది. ఇద్దరూ ఒకే దృశ్యాన్ని చూశారు. కళ్ళు చెప్పిన కథ మాత్రం ఒకరికే చేరింది.

2011లో శాండియాగోలో 14 నుంచి 42 నెలల వయసు పిల్లలకు ఒక నిమిషం పాటు రెండు దృశ్యాలను పక్కపక్కనే చూపించారు. ఒక వైపు ఆడుతున్న పిల్లలు, మరో వైపు కదిలే రేఖాగణిత ఆకృతులు. ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు 40 శాతం మంది సగానికి మించిన సమయం ఆకృతులనే చూశారు. మామూలుగా ఎదుగుతున్న పిల్లల్లో అలా చూసినవారు చాలా అరుదు. అయితే మిగిలిన 60 శాతం మంది సంగతి మరువరాదు. ఆటిజం ఉండి కూడా వారి చూపు ఆకృతుల వైపు అంతగా పోలేదు. కనుక “మావాడు ఫ్యాను వైపు చూస్తూ కూర్చోడు, కాబట్టి ఏమీ లేదు” అని ధీమా పడడం సరికాదు. జానమాజ్ అంచును ఇష్టపడే ప్రతి బిడ్డకూ ఆటిజం ఉందని భయపడడమూ సరికాదు.

2013లో వెలువడిన మరో పరిశోధన తల్లులకు ప్రత్యేకంగా తెలియాలి. తరువాత ఆటిజం ఉన్నట్టు నిర్ధారణ అయిన శిశువులు రెండు నెలల వయసులో అందరిలాగే కళ్ళ వైపు చూశారు. రెండు నుంచి ఆరు నెలల మధ్య ఆ చూపు క్రమంగా తగ్గుతూ వచ్చింది. “పుట్టినప్పుడు బాగానే చూసేవాడు, ఎవరి దిష్టో తగిలింది” అని కొందరు అనుకోవడం వెనుక ఉన్న వాస్తవం ఇదే కావచ్చు. ఎదుగుతున్న మెదడు క్రమంగా మరో దారి పట్టింది. అందులో తల్లి దోషం లేదు. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో ప్రేమలేని తల్లుల వల్లే ఆటిజం వస్తుందని వైద్యులే నిందించారు. ఆ మాట తప్పని వైద్యశాస్త్రమే తరువాత తేల్చింది. మన ఇళ్ళలో కోడలి మీద అదే నింద మళ్ళీ మోపడం అన్యాయం. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడడం వల్ల ఇలా అయిందనడానికీ ఆధారం లేదు.

తివాచీ ముందు ఇద్దరు

ఈ చూపు తేడాను మన ఏలూరు తివాచీతో పోల్చుకుంటే సులువుగా బోధపడుతుంది. పర్షియా నుంచి వచ్చిన కుటుంబాలతో ఈ విద్య ఏలూరు చేరిందని ప్రతీతి. తరతరాలుగా మన ముస్లిం నేతగాళ్ళు ఉన్ని దారాన్ని ముడి ముడిగా వేస్తూ ఈ తివాచీలను నేశారు. గుమ్మంలో నిలబడి చూసేవారికి తివాచీ అంతా ఒక పూలతోటలా కనిపిస్తుంది. మగ్గం ముందు కూర్చున్నవారికి ఈ వరుసలో ఈ ముడి ఏ రంగుదన్నదే కనిపిస్తుంది. గుమ్మంలో ఉన్నవారు తప్పిన ముడిని పట్టుకోలేరు. మగ్గం ముందున్నవారికి తోట ఒక్కసారిగా కనిపించదు. ఇద్దరిలో ఎవరూ గుడ్డివారు కాదు.

లండన్‌లో పనిచేసిన ఉటా ఫ్రిత్, అమిత్తా షా 1983లోనే ఇటువంటి సంగతిని ప్రయోగంలో చూశారు. పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని వెతకమంటే ఆటిజం ఉన్న పిల్లలు ఎంతో నేర్పు చూపారు. వివరాలను పట్టుకోవడంలో వారి చూపు చురుకైనది. వివరాలన్నిటినీ కలిపి ఒక్క అర్థంగా అల్లుకోవడం వారిలో చాలామందికి కష్టం. ముఖమంటే అటువంటి అల్లికే. కనుబొమ్మ, పెదవి, బుగ్గ క్షణక్షణం కదులుతుంటాయి. ఆ కదలికలన్నిటినీ కలిపితేనే “నాన్నకు కోపం వచ్చింది” అన్న అర్థం వస్తుంది. తివాచీలో పువ్వు నిన్న ఉన్నచోటే ఈరోజూ ఉంటుంది. ముఖం అలా ఉండదు. ఆ బాబు వేలు జానమాజ్ కమాను మీద ఎందుకు నిలిచిందో ఇప్పుడు అర్థమవుతుంది.

అదబు అనుకుని, పొగరనుకుని

మన సమాజంలో ఈ విషయం గుర్తింపునకు రాకపోవడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. పెద్దల ముందు కళ్ళు దించుకోవడం మనకు అదబు. చూపులను అదుపులో ఉంచుకొమ్మని సూరా నూర్‌లో విశ్వాసులైన పురుషులకూ, స్త్రీలకూ ఆదేశం ఉంది. అందువల్ల ముఖమెత్తి చూడని బిడ్డను, ముఖ్యంగా ఆడపిల్లను, “ఎంత హయా ఉన్న పిల్ల!” అని మెచ్చుకుని ఊరుకుంటాం. ఆడపిల్లలలో ఆటిజం ఆలస్యంగా గుర్తింపునకు వస్తున్నదని వైద్యులు అంటుంటారు. మన ఇళ్ళలో ఆ ఆలస్యానికి ఈ పొగడ్త కూడా తోడవుతుంది. మగపిల్లవాడైతే అదే చూపును పొగరుగా లెక్కగట్టి దండిస్తాం.

రెండూ పొరపాట్లే. హయా అంటే తెలిసి, ఇష్టపూర్వకంగా చూపు దించుకోవడం. బిడియపడే పాప పరాయివారి ముందు తల వంచుకుంటుంది. ఇంటికి రాగానే అమ్మీ ముఖం చూసి నవ్వుతుంది, నానీ కళ్ళలోకి చూసి అలుగుతుంది. ఆటిజం ఉన్న పాప తల్లి దగ్గర కూడా ఆ చూపును తేలికగా కలపలేదు. ఈ భేదాన్ని ఇంట్లోని స్త్రీలే అందరికంటే ముందు గుర్తించగలరు.

చూపు ఒక్కటే కొలమానం కాదు. ఏడాది నిండుతున్నా పేరు పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకైనా కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఒకే కదలికను పదేపదే చేయడం వంటివి కలిసి కనిపిస్తే జాగు చేయరాదు. ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. చెవులు సరిగా వినిపించని బిడ్డ కూడా పిలిస్తే తిరగడు.

ముఖం తిప్పవలసినది మనం

ఇక మొదటి ప్రశ్న. గడ్డం పట్టుకుని ముఖం తిప్పడం మంచిదేనా? మంచిది కాదని మేము స్పష్టంగా చెబుతాం. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి పరిశోధకులు ఆటిజం ఉన్నవారి చేత ముఖచిత్రాలలోని కళ్ళ వైపే చూసేలా చేసి, ఆ సమయంలో మెదడును పరీక్షించారు. భావాలను గ్రహించే లోపలి భాగాలు వారిలో మితిమీరి స్పందించాయి. కళ్ళలోకి చూడడం వారికి కఠినమైన అనుభవమని తేలింది. ఎదుటివారి మీద లెక్కలేనితనం వల్ల చూపు తిప్పుకుంటున్నారన్న అభిప్రాయం నిలవలేదు. మధ్యాహ్నపు ఎండలో సూర్యుని వైపు చూడమని బలవంతం చేస్తే మన కళ్ళు పడే బాధను తలచుకోండి. ఆ బాధ పడుతున్న బిడ్డ ఆ క్షణంలో మనం చెప్పే మాట వినే స్థితిలో ఉండడు.

మహాప్రవక్త ముహమ్మద్ (స) ఎవరి వైపైనా తిరిగితే పూర్తిగా తిరిగేవారని ఆయన గుణగణాలను వర్ణించిన ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. ఈ పిల్లల విషయంలో ఆ సున్నత్‌ను ఆచరణలో పెట్టవలసింది మనం. బిడ్డ ముఖాన్ని మన వైపు తిప్పే బదులు మనమే వెళ్ళి బిడ్డ చూపు ఉన్న చోట కూర్చోవాలి.

ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. నేల మీద, బిడ్డ కళ్ళకు సమానమైన ఎత్తులో కూర్చోండి. జానమాజ్ అంచును చూస్తుంటే మీరూ అదే అంచు మీద వేలు పెట్టి ఆ రంగు పేరు పలకండి. ఇష్టమైన వస్తువును మీ ముఖానికి దగ్గరగా పట్టుకుని ఇవ్వండి. ఒక్క మాట చెప్పి కాసేపు ఆగండి. ఆ మాట లోపలికి చేరడానికి వ్యవధి కావాలి. క్షణకాలం మీ వైపు చూస్తే చిరునవ్వుతో అందుకోండి. చూడకపోతే చిన్నబుచ్చుకోకండి. పక్కకు చూస్తూ కూడా ఈ పిల్లలు వింటారు.

బొమ్మల కార్డుల మాట

ఇప్పుడు రెండో ప్రశ్న. ప్రాణుల చిత్రాలు గీయడం విషయంలో హదీసుల్లో కఠినమైన హెచ్చరికలు ఉన్నాయి. దాదీ అభ్యంతరం ఆ భయభక్తుల్లోంచే వచ్చింది, ఆమెను తప్పుపట్టరాదు. అయితే అదే హదీసు సంపుటాల్లో మరికొన్ని ఉల్లేఖనాలు కూడా ఉన్నాయి. హజ్రత్ ఆయిషా (ర.అన్హా) చిన్ననాడు బొమ్మలతో ఆడుకునేవారు. దైవప్రవక్త (స) వారించలేదు సరికదా, తోటి బాలికలను ఆమెతో ఆడుకోవడానికి పంపేవారు. ఆమె బొమ్మల్లో గుడ్డతో రెక్కలు కట్టిన గుర్రం ఒకటి ఉండేది. దాన్ని గురించి ఆమె చెప్పిన జవాబుకు ప్రవక్త (స) నవ్వారు. దీన్ని ఆధారం చేసుకుని పలువురు ధర్మవేత్తలు పిల్లల ఆటకూ, శిక్షణకూ సంబంధించిన బొమ్మలకు మినహాయింపు ఉందన్నారు.

అంతేకాదు, బోధనకు ఆకృతిని వాడడం స్వయంగా ప్రవక్త (స) సంప్రదాయం. ఒకసారి ఆయన నేల మీద చతురస్రం గీసి, మధ్యనుంచి బయటకు పోయే గీతనూ, పక్కన చిన్న గీతలనూ గీశారు. మనిషినీ, అతన్ని చుట్టుముట్టిన ఆయువునూ, ఆయువును దాటి సాగే ఆశలనూ, దారిలో తగిలే ఆపదలనూ సహచరులకు ఆ గీతలతో వివరించారు. హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (ర) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. మాటతో చెప్పగలిగిన విషయాన్ని కంటికి చూపించి చెప్పడంలో కారుణ్యం ఉంది.

కనుక మా సలహా ఇది. మొదటి మెట్టుగా ప్రాణం లేని వస్తువుల చిత్రాలు వాడండి. వాటి విషయంలో ఏ వివాదమూ లేదు. చిత్రాలు గీసి బతికే వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) చెట్లనూ, ప్రాణం లేనివాటినీ గీసుకొమ్మని చెప్పారు. చెంబు, కంచం, చెప్పులు, పడక, బడిసంచి, వీటి చిత్రాలను వరుసగా గోడకు అంటిస్తే రోజులో ఏది తరువాత ఏది వస్తుందో బిడ్డకు తెలుస్తుంది. రాబోయేది తెలియక కలిగే కంగారు తగ్గుతుంది. వుజూ నేర్పడానికి కుళాయి, చేతులు, మోచేతులు, పాదాలు వరుసగా ఉన్న కార్డులు చాలు. ముఖం కడిగే చోట నీళ్ళు నింపిన దోసిలి చిత్రం సరిపోతుంది.

రెండో మెట్టు ముఖాలవి. సంతోషం, కోపం, ఏడుపు గుర్తించడం నేర్పడానికి ముఖచిత్రం అవసరమని శిక్షకులు చెబితే, దాన్ని అలంకారంగా గోడకు తగిలించకుండా పాఠం వేళ తీసి, తరువాత పెట్టెలో దాచవచ్చు. బిడ్డ అవసరమూ, హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఉదంతమూ ఇందుకు తగిన ఆధారాలని మా అభిప్రాయం. ఇంకా సందేహం ఉంటే మీ ఊరి ముఫ్తీ సాహెబ్‌కు బిడ్డ పరిస్థితిని పూర్తిగా వివరించి అడగండి. ఏ సంగతీ చెప్పకుండా “ఫొటోలు హలాలా, హరామా?” అని మాత్రమే అడిగితే మీకు కావలసిన జవాబు దొరకదు.

చిత్రాన్ని ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త అవసరం. నికాహ్ నాటి బంధువుల ఫొటో చూపించి “ఖాలా ఎక్కడ?” అని అడిగితే బిడ్డ చూపు పైనున్న దీపాల తోరణం మీదకు పోవచ్చు. అందుకే ఒక చిత్రంలో ఒకే వస్తువు, లేదా ఒకే ముఖం ఉండాలి. వెనుక ఖాళీ గోడ ఉండాలి. చిత్రం తరువాత అసలు మనిషిని చూపించాలి. చిత్రం వంతెన మాత్రమే, దాని మీదే నిలిచిపోకూడదు. ఈ పేరుతో రోజంతా ఫోను చేతిలో పెట్టడం శిక్షణ అనిపించుకోదు.

నీటి ఒడ్డున ఉన్న ఇళ్ళకు

మన ప్రాంతంలో ఈ విషయానికి ప్రాణాపాయంతో ముడిపడిన కోణం ఒకటి ఉంది. కొల్లేరు చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా కాలువ. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి మెరిసే నీరన్నా, గుండ్రంగా తిరిగే వస్తువులన్నా అమితమైన ఆకర్షణ. రొయ్యల చెరువులో నీటిని చిమ్ముతూ తిరిగే ఏరియేటర్ చక్రంలో ఆ రెండూ ఉన్నాయి. చూపు లాగిన చోటికి కాలు పోతుంది. ఈ పిల్లలు చెప్పకుండా ఇంటినుంచి వెళ్ళిపోవడం ఎక్కువ. పిలిస్తే పలకరు. “ఆగు” అని దూరంనుంచి కేకవేస్తే ఆగకపోవచ్చు. వారిలో నీట మునిగి మరణించే ప్రమాదం మిగతా పిల్లలకంటే అధికమని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

కాబట్టి చెరువు గట్టున, కాలువ ఒడ్డున ఉండేవారు గుమ్మానికి బిడ్డకు అందని ఎత్తులో గడియ పెట్టించండి. ఇరుగుపొరుగు వారికీ, చెరువు కాపలా మనిషికీ బిడ్డను పరిచయం చేసి సంగతి చెప్పండి. దాచిపెడితే పరువు నిలుస్తుందని అనుకోవద్దు. సంగతి తెలిసిన పొరుగువాడే ఆపద వేళ చేయి పట్టుకుంటాడు. బిడ్డ కనిపించకపోతే మొదట వెతకవలసింది నీటి వైపు. పొరుగువారి హక్కు గురించి ధర్మం ఎంతగా నొక్కిచెప్పిందో మనకు తెలుసు. ఆటిజం ఉన్న బిడ్డను ఒక కంట కనిపెట్టి ఉండడం కూడా ఆ హక్కులో భాగమే.

ఎక్కడికి వెళ్ళాలి

దుఆ చేయండి, ఖుర్ఆన్ పఠించి బిడ్డ మీద ఊదండి. దానితో పాటు నిపుణుల దగ్గరకు వెళ్ళండి. వైద్యం చేయించుకొమ్మని దైవప్రవక్త (స) స్వయంగా ఉపదేశించారు. తాయెత్తుల కోసం ఊరూరా తిరుగుతూ తొలి ఏళ్ళు పోగొట్టుకుంటే అవి తిరిగిరావు. జిన్ను పట్టిందని బిడ్డను కొట్టడం దౌర్జన్యం. ఆటిజాన్ని మాయం చేసే మందు ఉందని చెప్పేవారిని నమ్మి డబ్బు పోసుకోకండి. ఇది మెదడు ఎదుగుదలలోని భేదం. తొలి ఏళ్ళలో మాట, ఆట, అలవాట్లలో శిక్షణ మొదలైతే బిడ్డకు ఎంతో మేలు జరుగుతుంది.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. ఎదుగుదలలో తేడాలున్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. మీ ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచరునో అడిగితే దారి చెబుతారు. బడి ఈడు పిల్లల కోసం మండలాల్లో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ మన దేశపు పిల్లల కోసం ఆటిజాన్ని అంచనా వేసే కొలమానాన్ని తయారుచేసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకం ద్వారా లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభిస్తుంది. వీటికి ధ్రువపత్రం అవసరం. పత్రం తీసుకుంటే బిడ్డకు ముద్ర పడుతుందని కొందరు వెనుకాడుతున్నారు. ఆ బిడ్డకు చట్టం ఇచ్చిన హక్కును మనమే లాక్కోవడం అవుతుంది.

మస్జిద్‌లో, మక్తబ్‌లో

చివరగా మావంటి బోధకులకూ, మస్జిద్ కమిటీ పెద్దలకూ ఒక మాట. ఖాయిదా పుస్తకం ముందు కూర్చున్న బిడ్డ ఉస్తాద్ ముఖం చూడకుండా అక్షరాల చుక్కలనే చూస్తుంటే అది అవిధేయత కాదు. ఆ చుక్కల మీదుగానే ఆ బిడ్డ బేకూ, తేకూ భేదం నేర్చుకోగలడు. నమాజు సఫ్‌లో నిలబడి చాప గీతను చూసి మురిసే బిడ్డను గోడవారకు నెట్టకండి. వరుస క్రమాన్ని ఇష్టపడే ఆ చూపుకు సఫ్‌కంటే అనువైన చోటు ఏముంది? పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి ఇబ్బందిని తలచి దైవప్రవక్త (స) నమాజును సంక్షిప్తం చేసేవారు. మనుమరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చేశారు. ఆయన మస్జిద్‌లో పిల్లలకు చోటు ఉండేది. ఆచరణ బాధ్యత గ్రహణశక్తిని బట్టి ఉంటుంది. గ్రహించలేని బిడ్డ మీద కలం ఎత్తివేయబడి ఉంటుంది. కానీ ప్రేమగా నేర్పే బాధ్యత మన మీదనుంచి ఎత్తివేయబడలేదు.

సూరా అబస అవతరించిన సందర్భం మనకందరికీ తెలిసినదే. అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (ర) జ్ఞానం కోసం వచ్చారు. ఖురైషు పెద్దలతో సంభాషణలో ఉన్న ప్రవక్త (స) నుదురు చిట్లింది, ముఖం పక్కకు తిరిగింది. ఆ నుదురు చిట్లడాన్ని ఆ అంధుడు చూడలేదు, చూడలేడు. అయినా అల్లాహ్ దాన్ని గమనించాడు. ప్రళయం దాకా పఠించే వాక్యాలలో ఆ సందర్భాన్ని నిలిపాడు. చూడలేనివాని పట్ల కూడా మన ముఖం ఎలా ఉన్నదన్నది అల్లాహ్ దగ్గర లెక్కలో ఉంటుందని దీని వల్ల తెలుస్తున్నది. మన ముఖంలోని భావాన్ని చదవలేని పసివాని విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. మన చిరాకు ఆ బిడ్డకు అర్థం కాలేదని మనం నిశ్చింతగా ఉండరాదు. మన చిరునవ్వు ఆ బిడ్డ చూడలేదని అది వృథా అయిందని అనుకోనూ రాదు.

ఈ పిల్లల తల్లిదండ్రులకు అల్లాహ్ సహనాన్ని, ఇరుగుపొరుగుకు దయను, బోధకులకు ఓర్పును ప్రసాదించుగాక! వారి చూపు ఉన్న చోటికి వెళ్ళి కూర్చునే వినయం మనకు కలుగజేయుగాక! ఆమీన్.